పాము ఇంటికి వేడి: ఆగిపోతే వ్యవధి ఉంటుంది, ఆగకపోతే ఉండదు

2010 జనవరిలో ఫ్లోరిడాను అసాధారణమైన చలి పట్టుకుంది. ఆ రాష్ట్రపు దక్షిణ కొసన ఉన్న ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో అప్పటికే బర్మా కొండచిలువలు కాపురం పెట్టి చాలా ఏళ్లయింది. అవి ఆ గడ్డ మీద పుట్టిన జాతి కాదు. పెంపుడు జంతువులుగా అమెరికా చేరి, అడవిలోకి జారుకున్నవాటి సంతతి. వాటిలో 10 పాములకు శాస్త్రవేత్తలు రేడియో పరికరాలు అమర్చి కదలికలు గమనిస్తున్నారు. చలి తగ్గాక లెక్క చూస్తే 9 చచ్చిపోయి ఉన్నాయి. ఫ్లోరిడాలో పట్టిన మరో 10 కొండచిలువలను ఉత్తరాన సౌత్ కరోలినాలో, ఆరుబయట కంచె వేసిన ఆవరణలో పరిశోధన కోసం ఉంచారు. ఆ శీతాకాలం గడిచేసరికి వాటిలో ఒక్కటీ మిగల్లేదు.

మనిషి ఒంటికి 37 డిగ్రీల వేడి లోపలినుంచే వస్తుంది. పాముకు ఆ సదుపాయం లేదు. ఎండలోకి పాకితే వేడెక్కుతుంది, నీడలోకి జరిగితే చల్లబడుతుంది. దీనికి మినహాయింపులు బహు అరుదు. గుడ్లను చుట్టుకుని పొదిగే ఆడ బర్మా కొండచిలువ కండరాలను పదేపదే బిగించి ఒంటి వేడిని పెంచుకోగలదని, న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలోని పాము మీద చేసిన పరిశోధన 1966లో తేల్చింది. మిగతా సమయాల్లో ఆ కొండచిలువైనా బయటి వేడి మీద ఆధారపడవలసిందే.

గాజు పెట్టెలో పెట్టిన పాముకు ఎండ ఎంత, నీడ ఎంత అన్నది యజమాని కొన్న సామగ్రి నిర్ణయిస్తుంది. ఆ సామగ్రి ఏదో ఒకరోజు పాడవుతుంది. అది పాడయ్యే తీరు రెండు రకాలు. వేడి ఆగిపోవడం ఒకటి, వేడి ఆగకపోవడం రెండోది. మామూలు ఇంటి గదిలో వేడి ఆగిపోతే పాము మందగిస్తుంది, ముడుచుకుంటుంది, సరిదిద్దడానికి చాలాసార్లు ఒకటి రెండు రోజుల వ్యవధి దొరుకుతుంది. వేడి ఆగకపోతే కొద్ది గంటల్లోనే ప్రాణం పోవచ్చు. అందుకే ఒక పరికరం కొనేటప్పుడు అది ఎంత బాగా పనిచేస్తుందన్నది ఒక్కటే చూస్తే చాలదు. పాడైనప్పుడు అది ఎటువైపు పాడవుతుందన్నది కూడా అడగాలి. ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఎవరు పెంచవచ్చు?

ముందుగా చట్టం సంగతి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన నేల పాములను ఇంట్లో పెంచడం నేరం. విదేశీ జాతుల్లో బాల్ పైథాన్ లాంటివి వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందపు జాబితాలో ఉన్నాయి. 2022లో చట్టానికి వచ్చిన సవరణ, 2024లో వెలువడిన నియమాల ప్రకారం అలాంటి జీవి ఇంట్లో ఉంటే కేంద్ర ప్రభుత్వపు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

అమెరికా, బ్రిటన్‌లలో బాల్ పైథాన్, కార్న్ స్నేక్ వంటి విషం లేని పాములు పెంపుడు జంతువుల దుకాణాల్లోనే దొరుకుతాయి. అక్కడ కూడా నిబంధనలు అంతటా ఒకలా ఉండవు. హవాయిలో ఏ పామునూ పెంచుకోనివ్వరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, బళ్లో చూసొచ్చిన బాల్ పైథాన్ కావాలని పిల్లాడు పట్టుబడుతుంటే ఏం చెప్పాలో తోచని తల్లిదండ్రులకు ఇక్కడ రాసినవి నేరుగా పనికొస్తాయి. ఆ పాము 20 ఏళ్లు, కొన్నిసార్లు 30 ఏళ్లు బతుకుతుంది. పిల్లాడు కాలేజీకి వెళ్లిపోయాక దాని బాధ్యత ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు.

రెండు కొసలు, రెండు వాతావరణాలు

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి మైదానాల పాము. పగలంతా ఎలుక బొరియల్లోనో చెదపుట్టల్లోనో గడిపి రాత్రి బయటికొస్తుంది. పుట్టలో పాముంటుందన్న సంగతి నాగుల చవితికి పాలు పోసే ఇళ్లకు కొత్త కాదు. బయట ఎండ మండుతున్నా, రాత్రి గాలి చల్లబడినా పుట్ట లోపల తేడా అంతగా తెలియదు. ఆ లోపల పాము కొంచెం పైకి జరిగితే ఒక వేడి, కొంచెం లోతుకు దిగితే ఇంకో వేడి దొరుకుతాయి.

పెట్టెలో కల్పించాల్సింది ఈ ఎంపికే. బాల్ పైథాన్‌కు ఒక కొసన 31 నుంచి 33 డిగ్రీలు, రెండో కొసన 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల నుంచి వచ్చిన కార్న్ స్నేక్‌కు ఇంకాస్త చల్లదనం ఇష్టం. దానికి వెచ్చని కొసన 29 నుంచి 31, చల్లని కొసన 22 నుంచి 25 చాలు. రెండు కొసల్లోనూ దాక్కునే గూడు ఉండాలి. వెచ్చని వైపే గూడు పెడితే పాము చాటు కోసం వేడిని భరిస్తూ కూర్చుంటుంది. చల్లని వైపే పెడితే వేడి అవసరమైనా బయటికి రాదు. మొత్తం పెట్టెను 32 డిగ్రీల దగ్గర సమంగా ఉంచితే అంకె సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది గాని, పాముకు తప్పుకునే చోటు ఉండదు.

వేడికీ జీర్ణానికీ ఉన్న లంకె కూడా తెలిసి ఉండాలి. పెద్ద ఆహారం మింగిన బర్మా కొండచిలువ గుండె రెండు మూడు రోజుల్లో దాదాపు 40 శాతం పెరుగుతుందని 2005లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. లోపల అంత పని సాగాలంటే ఒళ్లు వెచ్చగా ఉండాలి. చల్లని పెట్టెలో ఎలుకను మింగిన పాము దాన్ని అరిగించుకోలేక కక్కేస్తుంది. రోజుల తరబడి చలిలో ఉంటే శ్వాసకోశ జబ్బులు పట్టుకుంటాయి. వేడి పరికరం పాడైన వారంలో మేత ఆపాలన్న నియమం ఇక్కడినుంచే వచ్చింది.

వేడినిచ్చే సామగ్రి

అందరూ ముందు కొనేది హీట్ మ్యాట్. పలచని ప్లాస్టిక్ పొరల మధ్య వేడెక్కే పట్టీలుంటాయి. దాన్ని గాజు పెట్టె అడుగున, బయటివైపు, మూడో వంతు మేర అతికిస్తారు. దీని వల్ల నేల వెచ్చబడుతుంది, గాలి పెద్దగా వేడెక్కదు. గాలి ఆడేందుకు పెట్టె కింద చిన్న కాళ్లు పెట్టి కాస్త ఎత్తాలి. బల్ల మీద నేరుగా దించేస్తే మ్యాట్ వేడి పోయే దారి లేక అక్కడికక్కడే పోగవుతుంది, గాజు పగలవచ్చు, చెక్క మాడవచ్చు. లోపల కొబ్బరి పొట్టు నాలుగు అంగుళాలు పరిచినా అదే జరుగుతుంది. వేడి పైకి రాదు, యజమాని అంకె పెంచుతాడు, పాము పొట్టు తవ్వుకుంటూ అడుగు గాజును చేరేసరికి అది పెనంలా కాలుతుంటుంది. మ్యాట్‌ను పెట్టె లోపల పెట్టకూడదు. పాము దాని కిందికి దూరుతుంది, నీళ్ల గిన్నె ఒలుకుతుంది, మలమూత్రాల తడి వైరును చేరుతుంది.

పైనుంచి వేడి కావాలంటే హాలోజన్ బల్బు, సిరామిక్ హీటర్, రేడియంట్ ప్యానెల్ ఉన్నాయి. బల్బు పోతే చీకటి పడుతుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది. సిరామిక్ హీటర్ వెలుగు ఇవ్వదు. అది పనిచేస్తోందో లేదో, అవసరానికి మించి పనిచేస్తోందో కంటితో చూసి చెప్పలేం. దాని ఉపరితలం 200 డిగ్రీలు దాటుతుంది. ప్లాస్టిక్ హోల్డర్‌లో బిగిస్తే హోల్డర్ కరుగుతుంది, పింగాణీ హోల్డరే వాడాలి. పెట్టె లోపల బిగించిన బల్బుకైనా హీటర్‌కైనా చుట్టూ తీగల పంజరం తప్పనిసరి, ఎందుకంటే పాములు ఎక్కి చుట్టుకోవడంలో ఆరితేరినవి. పై జాలీ మీద దీపం పెట్టేవారు క్లిప్పు పట్టును నమ్మకూడదు. దాన్ని గొలుసుతో పైనుంచి వేలాడదీస్తే పిల్లి తగిలినా, పిల్లాడు లాగినా పరుపు మీదో కర్టెన్ మీదో పడదు.

ఇక రాయి ఆకారంలో వచ్చే వేడి బండలు. ఒకచోట గోరువెచ్చగా, ఇంకోచోట చురుక్కుమనేలా ఉండే ఈ బండల వల్ల పొట్ట కాలిన పాములను సరీసృపాల వైద్యులు దశాబ్దాలుగా చూస్తూనే ఉన్నారు. వీటిని కొనకపోవడమే మంచిది.

దేశం మారేవాళ్లు వోల్టేజి చూసుకోవాలి. అమెరికాలో 120 వోల్టులకు తయారైన 20 వాట్ల మ్యాట్‌ను లండన్‌లోనో హైదరాబాద్‌లోనో 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అది 20 వాట్ల దగ్గర ఆగదు. వోల్టేజి దాదాపు రెండింతలైతే వేడి దాదాపు నాలుగింతలవుతుంది, అంటే సుమారు 73 వాట్లు. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజిని మార్చదు.

ముఖానికి తెలిసిన వేడి పొట్టకు తెలియదా?

కొండచిలువల పెదవుల మీద చిన్న గుంటలుంటాయి. చీకట్లో ఎలుక ఒంటి నుంచి వచ్చే వేడిని అవి పసిగడతాయి. ఆ పని చేసే ప్రోటీన్‌ను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం 2010లో గుర్తించింది. వేడినీ స్పర్శనూ నరాలు ఎలా గ్రహిస్తాయో కనిపెట్టినందుకు ఆయన 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఇంత సూక్ష్మమైన జ్ఞానం ఉన్న ప్రాణి కాలుతున్న గాజు మీద ఎందుకు పడుకుంటుంది? ఆ గుంటలు మూతి మీదే ఉన్నాయి, పొట్ట కింద లేవు. దానికి తోడు కాలిన పాముల పెట్టెలను పరిశీలిస్తే చాలాసార్లు ఒక లోపం బయటపడుతుంది. నేల మీద ఒకచోట తప్ప మిగతా పెట్టె అంతా చల్లగా ఉంటుంది. ఒళ్లంతా చలితో ఉన్న పాముకు దొరికిన ఒక్క వెచ్చని చోటును వదలబుద్ధి కాదు. గంటల తరబడి అక్కడే అతుక్కుని ఉంటే చర్మం నెమ్మదిగా ఉడుకుతుంది. కాబట్టి పెట్టెలోని గాలిని తగినంత వెచ్చగా ఉంచడం కూడా కాలిన గాయాల నివారణలో భాగమే. ‘వేడెక్కువైతే అదే జరుగుతుందిలే’ అన్న మాట మీద ఏ ఏర్పాటూ ఆధారపడకూడదు.

థర్మోస్టాట్ ఎలా పాడవుతుంది?

థర్మోస్టాట్ లేని హీటర్ పాము పెట్టెకు పనికిరాదు. ఈ మాట దాదాపు అందరూ చెబుతారు. థర్మోస్టాట్ కూడా పాడవుతుందన్న మాట తక్కువమంది చెబుతారు.

చవకరకం థర్మోస్టాట్‌లో చిన్న రిలే ఉంటుంది. అది ‘టిక్’మంటూ కరెంటును కలుపుతుంది, ‘టిక్’మంటూ విడదీస్తుంది. పూర్తి లోడు మీద లక్షసార్లు పనిచేయగలదని ఇలాంటి రిలేలకు తయారీదారులు సాధారణంగా లెక్క ఇస్తారు. లక్ష అంటే పెద్ద సంఖ్యగానే వినిపిస్తుంది. ఐదు నిమిషాలకోసారి టిక్కుమంటే రోజుకు 288. ఆ లెక్కన లక్షకు 347 రోజులు, ఏడాది కూడా నిండదు. చిన్న మ్యాట్ లాంటి తక్కువ లోడు మీద అది ఇంకా చాలాకాలం పనిచేస్తుంది, నిజమే. కానీ అరిగిన రిలే తరచుగా పాడయ్యే తీరు మాత్రం ప్రమాదకరమైనది. కలిసి విడిపోయేటప్పుడు పుట్టే నిప్పురవ్వలకు లోహపు కొసలు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తెర మీద ‘ఆఫ్’ అని కనిపిస్తుంటుంది, కరెంటు మాత్రం పారుతూనే ఉంటుంది.

ఖరీదైన రకాల్లో రిలేకు బదులు ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ భాగం ఉంటుంది. కరెంటును తగ్గిస్తూ పెంచుతూ వేడిని నిలకడగా ఉంచుతుంది, అరుగుదల సమస్య లేదు. అయితే ఆ ట్రయాక్ కాలిపోతే ఎక్కువగా అడ్డు తొలగిన తలుపులా మారుతుంది, హీటర్‌కు పూర్తి కరెంటు వెళ్తుంది. అంటే చవకదైనా ఖరీదైనదైనా పాడయ్యేటప్పుడు వేడి ఆగని వైపే మొగ్గవచ్చు.

మూడో దారి ప్రోబ్. పెట్టెలో వేడిని కొలిచి థర్మోస్టాట్‌కు చెప్పే సన్నని తీగ అది. పాము దాన్ని తోసేసి బయటపడేస్తే, ఆ తీగ 20 డిగ్రీల గది గాలిని కొలుస్తుంది. పెట్టె చల్లగా ఉందనుకుని థర్మోస్టాట్ హీటర్‌ను ఆపకుండా నడిపిస్తుంది. ప్రోబ్ నీళ్ల గిన్నెలో పడినా, పొట్టు కింద మూత్రంలో నానినా ఇదే కథ. ప్రోబ్‌ను ప్లాస్టర్ టేపుతో అతికించే అలవాటు ఇంకో ప్రమాదం. టేపు కొస ఊడితే పాము పొలుసులకు అంటుకుంటుంది, లాగితే చర్మం ఊడి వస్తుంది. పెట్టె లోపల జిగురు టేపు దేనికీ వాడకూడదు. గోడకు బిగించే చిన్న క్లిప్పో, ఆరిన హాట్ గ్లూ చుక్కో సరిపోతుంది.

ప్రోబ్ ఎక్కడ ఉండాలన్నది కూడా తేలిగ్గా తీసుకోకూడదు. మ్యాట్ వాడేటప్పుడు పొట్టు మీద కాకుండా, పాము తవ్వుకుంటూ చేరగల అడుగు గాజు మీద, మ్యాట్ నడిమధ్యకు ఎదురుగా కొలవాలి. పాము పొట్ట తాకగల అత్యంత వేడి చోటు అదే.

కొన్న రోజునే ఒక చిన్న పరీక్ష చేస్తే థర్మోస్టాట్ గుణం తెలుస్తుంది. పామును వేరే డబ్బాలో పెట్టి, ఊడదీసే వీలున్న ప్రోబ్‌ను థర్మోస్టాట్ నుంచి తీసేయాలి. మంచి రకమైతే తప్పును గుర్తించి కరెంటు కట్ చేసి అలారం మోగిస్తుంది. ప్రోబ్ లేకపోతే చలి అనుకుని హీటర్‌ను పూర్తిగా నడిపే రకమైతే దాన్ని దుకాణానికి తిరిగిచ్చేయడమే మేలు.

కుక్కర్ నేర్పే పాఠం

ప్రెషర్ కుక్కర్ మూత మీద వెయిట్ ఒక్కటే ఉండదు, పక్కన సేఫ్టీ వాల్వ్ కూడా ఉంటుంది. రోజూ ఆవిరిని అదుపు చేసేది వెయిట్. దాని రంధ్రంలో పప్పు గింజ ఇరుక్కున్న రోజున పని చేయాల్సింది వాల్వ్. పాము పెట్టెకు కూడా ఈ రెండో కాపలా కావాలి.

అందుకు రెండో థర్మోస్టాట్ ఒకటి కొంటే చాలు. గోడ ప్లగ్గు నుంచి ముందు కాపలా థర్మోస్టాట్, దాంట్లో ప్రధాన థర్మోస్టాట్, దాంట్లో హీటర్, ఈ వరసలో కలపాలి. ప్రధానమైనది 32 డిగ్రీల దగ్గర పెడితే కాపలాది 35 దగ్గర పెట్టాలి. రెండింటికీ ప్రోబ్‌లు వేరు, వాటిని బిగించిన క్లిప్పులూ వేరు. పాము ఒకదాన్ని పీకేసినా రెండోది మిగలాలి. మామూలు రోజుల్లో కాపలా థర్మోస్టాట్ రిలే ఒక్కసారి కూడా టిక్కుమనదు కాబట్టి దాని అరుగుదల బహు తక్కువ. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ముందున్న కాపలాది మామూలు ఆన్-ఆఫ్ రకమే అయి ఉండాలి. కరెంటును తగ్గించి పంపే డిమ్మింగ్ రకాన్ని ముందు పెడితే వెనకున్న థర్మోస్టాట్ దెబ్బతింటుంది. ఈ రెండో కాపలాను తమలోనే అమర్చుకున్న థర్మోస్టాట్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి.

హీటర్ వాట్లు ఎంచుకోవడంలో కూడా ఇదే ఆలోచన పనికొస్తుంది. ఒక పెట్టెను ఒక మ్యాట్ పూర్తిగా నడిస్తే గది కన్నా ఎన్ని డిగ్రీలు పైకి తీసుకెళ్తుందన్నది ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. పాము లేకుండా, మనిషి ఇంట్లో ఉన్న రోజున, ఖాళీ పెట్టెలో మ్యాట్‌ను థర్మోస్టాట్ లేకుండా కొన్ని గంటలు నడిపి ఆ పెరుగుదలను రాసుకోవచ్చు. 12 డిగ్రీలు వచ్చిందనుకుందాం. శీతాకాలంలో గది 20 ఉంటే పెట్టె 32కు చేరుతుంది, సరిగ్గా కావలసినంత. అలాంటి మ్యాట్‌కు థర్మోస్టాట్ చెడినా ఆ రోజు ఏమీ కాదు. అదే మ్యాట్, వేసవిలో గది 30 ఉన్న రోజున థర్మోస్టాట్ చెడితే 42కు పోతుంది. బాల్ పైథాన్‌కు 35 దాటాక ఇబ్బంది మొదలవుతుంది, 40 దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. ‘ఎందుకైనా మంచిది’ అని ఇంతకు రెట్టింపు వాట్లు కొన్న ఇంట్లో శీతాకాలంలోనే 44 వస్తుంది. కావలసిన వేడిని అందుకోగల అతి తక్కువ వాట్ల హీటర్ కొనాలి. దాంతో తీరని వేసవి ముప్పు కోసమే రెండో థర్మోస్టాట్.

కొలతలు

థర్మోస్టాట్ తెర మీద కనిపించే అంకె దాని సొంత ప్రోబ్ చెప్పింది. ఆ ప్రోబ్ అబద్ధం చెబితే తెర కూడా అబద్ధమే చూపిస్తుంది. అందుకే దానితో సంబంధం లేని డిజిటల్ థర్మామీటర్లు రెండు, వెచ్చని కొసన ఒకటి, చల్లని కొసన ఒకటి ఉండాలి. రోజులో కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే రకమైతే రాత్రి రెండింటికి ఏం జరిగిందో ఉదయం కాఫీ తాగుతూ చూసుకోవచ్చు. గాజుకు అతికించే గుండ్రని ముల్లు థర్మామీటర్లు గోడను కొలుస్తాయి గాని, పాము పడుకునే నేలను కొలవవు.

తుపాకీలా గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ నేల మీద ఏ మూల ఎంత వేడిగా ఉందో క్షణంలో చెబుతుంది. దానికీ పరిమితులున్నాయి. అది ఉపరితలాన్నే కొలుస్తుంది, గాలిని కొలవదు. గాజు బయటినుంచి గురిపెడితే గాజు వేడే చెబుతుంది, లోపలిది కాదు. మెరిసే లోహం మీద తప్పు అంకె చూపిస్తుంది.

ఫోనుకు సందేశం పంపే వై-ఫై థర్మామీటర్ మంచి తోడు. వేడిని అదుపు చేసే పని మాత్రం ఇంటర్నెట్ చేతిలో పెట్టకూడదు. రౌటర్ ఆగినప్పుడు కూడా థర్మోస్టాట్ తన పని తాను చేసుకోగలగాలి.

ప్లగ్గులు, వైర్లు

అమెరికా ఇళ్లలో పడకగదికి సాధారణంగా 15 ఆంపియర్ల సర్క్యూట్ ఉంటుంది. 120 వోల్టుల దగ్గర అది 1,800 వాట్లు. గంటల తరబడి నడిచే వాటికి అందులో 80 శాతం, అంటే 1,440 వాట్లే లెక్కలోకి తీసుకోవాలి. పాము మ్యాట్ 20 వాట్లే కదా అనిపిస్తుంది. జనవరి రాత్రి అదే గదిలో ఎవరో 1,500 వాట్ల రూమ్ హీటర్ పెడతారు, బ్రేకర్ పడిపోవచ్చు, దాంతో పాటు పాము పెట్టె కూడా చల్లబడుతుంది. రూమ్ హీటర్‌ను ఎక్స్‌టెన్షన్ బోర్డులో, అందులోనూ పాము థర్మోస్టాట్ ఉన్న బోర్డులో అసలు పెట్టకూడదు.

నీళ్ల గిన్నె, నీళ్లు చిలకరించే సీసా ఉండే చోట లీకేజీ కరెంటును పసిగట్టి కట్ చేసే రక్షణ ఉండాలి. అమెరికాలో దీన్ని జీఎఫ్‌సీఐ అంటారు, బ్రిటన్‌లోనూ భారత్‌లోనూ ఆర్‌సీడీ. బోర్డును నేల మీద కాకుండా గోడకు ఎత్తుగా బిగించాలి. ప్లగ్గులోకి వెళ్లే తీగ ముందు కిందికి వంగి మళ్లీ పైకి లేచేలా వదిలితే, తీగ వెంట జారిన నీటి చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది.

నెలకోసారి చేత్తో తాకి చూడాలి. వెచ్చగా తగిలే ప్లగ్గు వదులైన కనెక్షన్‌కు గుర్తు. మ్యాట్ మీద గోధుమరంగు మచ్చ, ముడత, ఉబ్బు కనిపిస్తే దాన్ని ఆ రోజే పారేయాలి. ఒకసారి అతికించి పీకిన మ్యాట్ లోపలి పట్టీలు చిట్లి ఉండవచ్చు, కొత్త పెట్టెకు కొత్తదే కొనాలి. పరికరం కొన్న తేదీని దాని మీదే మార్కర్‌తో రాసిపెడితే వయసు ఎవరినీ అడగక్కర్లేదు. ఏడాదికోసారి కాపలా థర్మోస్టాట్ అంకెను పెట్టెలోని వేడి కన్నా కిందికి దించి చూడాలి. హీటర్ ఆగితే కాపలా మెలకువగా ఉన్నట్టు. ఆ తర్వాత అంకెను మళ్లీ 35కు పెట్టడం మరవకూడదు. ఇక ఆ గదిలో పొగ అలారం. వేడి దీపాల వల్ల రేగిన మంటల గురించి లండన్ అగ్నిమాపక దళం తాబేళ్ల వంటి సరీసృపాలను పెంచేవారిని హెచ్చరిస్తూనే ఉంది. పాము కోసం కాకపోయినా పక్కగదిలో నిద్రపోయే మనుషుల కోసం ఆ అలారం ఉండాలి.

కరెంటు పోయిన రాత్రి

2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను టెక్సాస్‌ను కుదిపేసింది. 45 లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది, చాలాచోట్ల రోజుల తరబడి రాలేదు. ఫిబ్రవరి 16న డాలస్‌లో ఉష్ణోగ్రత సున్నాకు 19 డిగ్రీల సెల్సియస్ దిగువకు పడింది. ఇంత చలిలో ఇల్లే గడ్డకడుతుంటే పాముకు ముందు చెప్పిన వ్యవధి ఉండదు. ముందస్తు ఏర్పాటు కావాలి.

కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్‌లో ఉండేది సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ. కాగితం మీద అది 84 వాట్-అవర్లు. నష్టాలు పోను 20 వాట్ల మ్యాట్‌ను మూడు గంటలు నడుపుతుంది. ఒక పూట కోతకు సరిపోతుంది, టెక్సాస్ తుఫానుకు చాలదు. అంతకు మించి కావాలంటే పెద్ద పవర్ స్టేషన్ బ్యాటరీ కొనాలి, లేదా కరెంటు అవసరం లేని దారి చూసుకోవాలి.

ఆ దారికి పెద్ద ఖర్చేమీ లేదు. మెత్తని దిండు గలీబులోకి పామును పంపి, గలీబు మూతి ముడేసి, గాలి రంధ్రాలున్న థర్మోకోల్ పెట్టెలో పెట్టాలి. పాములను పార్సిల్‌లో పంపేటప్పుడు వాడే హీట్ ప్యాక్ ఒకటి గలీబు బయట, మధ్యలో న్యూస్‌పేపర్ మడతలు పెట్టి ఉంచాలి. ఇనుప పొడి గాలితో కలిసి వేడి పుట్టించే ప్యాక్ అది, గాలి ఆడకపోతే పనిచేయదు. ప్యాక్ నేరుగా ఒంటికి తగిలితే పాము కాలుతుంది. ప్యాక్ లేనివారు గోరువెచ్చని నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పెట్టుకోవచ్చు, రెండు మూడు గంటలకోసారి మార్చాలి. ఇంట్లో బొగ్గుల కుంపటి వెలిగించడం, మూసిన గరాజ్‌లో కారు ఇంజన్ నడపడం, జనరేటర్‌ను లోపల పెట్టడం మాత్రం ఎంత చలైనా చేయకూడదు. ఆ తుఫాను వారంలో టెక్సాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ మనుషుల ప్రాణాలే తీసింది.

కరెంటు తిరిగొచ్చాక థర్మోస్టాట్ తన అంకెను గుర్తుంచుకుందో లేదో చూడాలి. కొన్ని రకాలు ఫ్యాక్టరీ అంకెకు వెళ్లిపోతాయి. పాము మెల్లగా వేడెక్కాలి. హడావిడిగా హెయిర్ డ్రయ్యర్ పట్టకూడదు.

జరగరానిది జరిగితే

వేడెక్కిన పాము చల్లని కొసన గాజుకు మూతి రుద్దుతుంది, నీళ్ల గిన్నెలోంచి బయటికి రాదు, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. వెల్లకిలా తిప్పినప్పుడు తిరిగి బోర్లా పడలేకపోతే పరిస్థితి విషమించినట్టే. ముందు ప్లగ్గు పీకాలి. పామును మామూలు గది వేడిలోని డబ్బాలోకి మార్చి, గది వేడికి వచ్చిన నీటిని అంగుళం లోతు పోయాలి. ఐసు నీళ్లు వద్దు, ఒక్కసారిగా చల్లబడినా ప్రమాదమే. ఆ వెంటనే సరీసృపాలను చూసే పశువైద్యుడికి ఫోను చేయాలి.

పొట్ట పొలుసులు ఎర్రబడినా, గోధుమరంగుకు తిరిగినా, బొబ్బలెక్కినా కాలిన గాయంగానే భావించాలి. కాలినచోట టూత్‌పేస్టు, పసుపు, వెన్న పూసే ఇంటి వైద్యం ఇక్కడ పనికిరాదు. గాయాన్ని చల్లని, ఐసు లేని నీటితో తడిపి, పెట్టెలోని పొట్టు తీసేసి శుభ్రమైన పేపర్ టవల్ పరిచి, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. పాము కాలిన గాయం మొదటి రోజున చిన్నదిగా కనిపించి తర్వాతి రోజుల్లో పెరుగుతుంది, నెలల తరబడి కుబుసాలు విడిస్తే గాని మానదు.

ఇండియా ప్రయాణానికి ముందు

పరాయి దేశంలో ఉన్న తెలుగు ఇంటికి అసలు పరీక్ష వేసవి సెలవుల్లో వస్తుంది. నాలుగు వారాలు ఊరికెళ్తే పాము పక్కింటివాళ్ల పాలవుతుంది. ఇంటికి తాళం వేసి ఏసీ ఆపేస్తే టెక్సాస్ జూలైలో గది 35 దాటుతుంది. అప్పుడు థర్మోస్టాట్ చక్కగా హీటర్‌ను ఆపేసినా చల్లని కొస అన్నది ఉండదు. కాబట్టి ఆ గదికి ఏసీ 25 దగ్గర నడుస్తూ ఉండాలి, లేదా పాము పెట్టెతో సహా చూసుకునేవారి ఇంటికి తరలిపోవాలి. కొత్త పరికరాన్ని ప్రయాణం ముందు రోజు బిగించకూడదు. మార్చాలనుకుంటే రెండు వారాల ముందే మార్చి, దాని తీరు కళ్లారా చూశాక బయలుదేరాలి.

చూసుకునేవారికి పాము గురించి ఏమీ తెలియకపోవచ్చు. పెట్టె మీద అతికించే ఒక కాగితంలో నాలుగు సంగతులుంటే వారికి చాలు. ఏ థర్మామీటర్‌లో ఏ అంకె నుంచి ఏ అంకె దాకా ఉండవచ్చు. 35 దాటితే పీకాల్సిన ప్లగ్గు ఏది, దానికి ఎర్ర టేపు చుట్టి ఉండాలి. వేడి ఆగిపోతే ఫోను చేయాల్సిన నంబరు, ఆ రోజు నుంచి ఎలుక వేయవద్దన్న మాట. సరీసృపాల వైద్యుడి పేరు, ఆస్పత్రి వేళలు. హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయినప్పుడు వేసవిలో డాలస్‌లో తెల్లవారుజామున మూడు. అంకె తేడాగా ఉంటే ఏ వేళ అని చూడకుండా ఫోను చేయమని ఆ కాగితం అడుగున రాయాలి.